సంచికి పచ్చబొట్టు పొడిచిన సూదమ్మ

రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే మనిషి పచ్చబొట్లు పొడిచే పనిలో చేరితే ఏమవుతుంది? ఏమవుతుందేమిటి, పడిపోతుంది. మన సూదమ్మా పడింది. ఒకసారి కాదు, చాలాసార్లు పడింది. పడిన ప్రతిసారీ ఎవరో ఒకరి మీద పడింది.

ఆఖరుసారి పడింది ఒక వస్తాదు మీద. తలుపులో పట్టనంత మనిషి, భుజం మీద పులిబొమ్మ కావాలని వచ్చాడు. సూదమ్మ చెయ్యి మంచిదని అందరికీ తెలుసు. ఆమె గీసిన పిల్లిని చూసి కుక్కలు మొరుగుతాయని షాపులో ఒక మాట ఉండేది. పులికి చెవులయ్యాయి, కళ్ళయ్యాయి, మూతి దగ్గరికి వచ్చేసరికి వస్తాదు భుజం మీద ఆవగింజంత రక్తపుచుక్క తేలింది. అంతే. అమ్మో అని కూడా అనకుండా సూదమ్మ ఆయన ఒళ్ళో వాలిపోయింది. పాపం, ఆ పెద్దమనిషి మూతిలేని పులితోనే లేచి, ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, మొహాన నీళ్ళు చల్లి, విసరడానికి ఏమీ దొరక్క గోడకున్న క్యాలెండరు ఊడదీసి విసిరాడు.

"చూడమ్మా," అన్నాడు షాపు ఓనరు, ఆమె లేచి కూర్చున్నాక. "నీ చెయ్యి బంగారం, కాదన్ను. కానీ ఇక్కడ పడిపోతే కస్టమరు పడిపోవాలి. నువ్వు పడిపోతే ఎట్లా? డబ్బులిచ్చి మరీ నీకు సేవలు చేసి పోతున్నారు వాళ్ళు. నీ మిషను నువ్వు తీసుకెళ్ళిపో తల్లీ."

అలా సూదమ్మ తన సూదిమిషను సంచిలో వేసుకుని, ముక్కు ఎగబీల్చుకుంటూ మేనమామ ఇంటికి వచ్చింది. ఇల్లంటే ఆమెకు అదే. చిన్నప్పటినుంచీ పెరిగింది అక్కడే.

ముందుగది తోలు పని చేసే చోటు, వెనక రెండు గదులు కాపురం. ముందుగదిలో పొడుగాటి బల్ల, దాని మీద కత్తులు, తోలుకు కుట్టుకన్నాలు పొడిచే ఆరెలు, మైనం పట్టించిన దారపు ఉండలు. గోడ పొడుగునా అరల్లో చుట్టచుట్టిన తోళ్ళు. గదిలోకి అడుగుపెడితే చాలు, చెట్టుబెరడు రసంలో ఊరిన తోలు వాసన ముక్కులో కూర్చుంటుంది, ఇక రోజంతా లేవదు. కిటికీ రోడ్డు మీదికి. బస్సు వెళ్ళినప్పుడల్లా అద్దాలు గడగడలాడతాయి, మామయ్య చేతిలో కత్తి మాత్రం కదలదు.

ఆ మామయ్య గురించి చెప్పాలి. మనిషి మంచివాడే, తోలు దగ్గర మాత్రం పరమ చాదస్తుడు. సంచులు, బెల్టులు, పర్సులు, ఏది చేసినా ముందు తోలును కిటికీ వెలుగులో పరిచి, కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతాడు. అమ్మేవాడు ఊపిరి బిగబట్టి నిలబడాలి. గోమారి పురుగు కుట్టిన చిల్లు ఒక్కటి చేతికి తగిలినా, "పట్టుకుపో!" అంటాడు. గోమారి కుట్టింది నన్నా నిన్నా అని అమ్మేవాడు మొత్తుకున్నా వినడు.

అత్త వేరే రకం. రెండు సూదులతో, ఒకటి అటునుంచి, ఒకటి ఇటునుంచి, ముత్యాల్లాంటి కుట్టు వేస్తుంది. చేతులు ఎంత నెమ్మదో నోరు అంత జోరు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఊరుకోవే," అంది అత్త, మేనకోడలు ఏడుపు చూసి. "తోలు తడిసిపోతోంది. లేచి ఏదో ఒకటి చెయ్యి. ఇంద, ఈ తుక్కుముక్క తీసుకో."

తుక్కుముక్క అంటే సంచి కోయగా మిగిలిన చెక్కు. సూదమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఏమనిపించిందో ఏమో, మిషను తీసి ప్లగ్గు పెట్టింది. చిన్న చేపబొమ్మ మొదలుపెట్టింది. తల అయింది. మొప్ప అయింది. పొలుసులు ఒక్కొక్కటే దిగుతున్నాయి. రక్తం లేదు. కదలడం లేదు. "అబ్బా, ఇంకా ఎంతసేపు" అని అడగడం లేదు. తోక దాకా వచ్చి చూసుకుంటే తను ఇంకా కూర్చునే ఉంది!

"అత్తా!" అని కేకేసింది. "దీనికి రక్తం రాదు!"

"రాదే పిచ్చిమొహమా. అది ఎప్పుడో చచ్చింది."

"రాదత్తా! అస్సలు రాదు!" అని గిర్రున తిరిగి, అత్తను సూదులతో సహా వాటేసుకుంది. ఎవరికీ ఏమీ గుచ్చుకోకపోవడం ఆ రోజు అదృష్టం.

అయితే అంత సంతోషంలోనూ ఒక పొరపాటు చేసింది. ఒంటి మీద పొడిచినప్పుడు పైన మిగిలిన సిరాను తడిబట్టతో తుడిచేస్తారు, కింద బొమ్మ శుభ్రంగా తేలుతుంది. అలవాటు ప్రకారం చేప మీద కూడా తడిబట్ట వేసి తుడిచింది. తోలు ఊరుకుంటుందా? దాహంతో ఉన్న మనిషిలాగా సిరా అంతా గుటకేసింది. చేప పోయి బొగ్గుల బస్తా మిగిలింది. సూదమ్మ దాన్ని చూసి పకపకా నవ్వింది, ఇంకో ముక్క అందుకుంది.

ఆ తుక్కుబుట్ట ఖాళీ అయ్యేలోపు చాలా నేర్చుకుంది. ముందు తోలును కాస్త చెమ్మ చెయ్యాలి. పైన పలచగా మైనం రుద్దాలి, అప్పుడు సిరా సూది పడినచోటే దిగుతుంది, మిగతాది పైపైన నిలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, తొందరపడకూడదు. ఒంటి మీద గీత కొంచెం లోతు తప్పినా చర్మం మానుతుంది, సర్దుకుంటుంది. తోలు మానదు. అందులో ఒక్క చుక్క తప్పు పడితే అది అలాగే ఉండిపోతుంది.

మామయ్య అప్పుడు తోళ్ళు కొనడానికి పొరుగూరు వెళ్ళాడు. తిరిగొచ్చి గుమ్మంలో అడుగుపెట్టేసరికి వెనకనుంచి జుయ్‌మని మోత. కందిరీగ దూరిందనుకుని చీపురు అందుకున్నాడు. అరల వెనక వెతికాడు, బల్ల కింద వెతికాడు, చీపురు ఎత్తి కొట్టడానికి సిద్ధంగా వెనకగదిలోకి దూకితే అక్కడ మేనకోడలు, ఆమె చేతిలో మిషను, మిషను కింద తన తోలు.

"ఏం చేస్తున్నావే!"

"బొమ్మ వేస్తున్నా మామయ్యా."

"ఒక్క చిల్లు లేని తోలు కోసం నేను కాళ్ళరిగేలా తిరుగుతుంటే, నువ్వు ఇంట్లో కూర్చుని వెయ్యి చిల్లులు పొడుస్తావా?"

"చిల్లులు కాదు మామయ్యా. చేప."

"చేపో, దోమో! పాపం ఆ జీవి ఒకసారి చచ్చింది చాలదా? మళ్ళీ పొడవాలా?"

చెప్పొద్దూ, ఆయనకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సూది తోలులో దిగుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాడు. అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "బాగుంది వరస. దీనికేమో రక్తం చూస్తే మూర్ఛ, మీకేమో సూది చూస్తే మూర్ఛ. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది!" అంది.

చివరికి పంచాయతీ ఇలా తెగింది. తుక్కుముక్కల మీద ఏమైనా పొడుచుకోవచ్చు. మంచి తోలు వైపు కన్నెత్తి చూడకూడదు. మోత ఆయనకు వినపడకుండా తలుపు వేసుకోవాలి.

సూదమ్మ తలుపు వేసుకుంది. తాళంచెవులకు తగిలించుకునే బిళ్ళల మీద చేపలు, కాకులు, నిద్రపోతున్న పిల్లులు, ముక్కు చీదుకుంటున్న ముసలాయనా తయారయ్యారు. అత్త వాటిని కిటికీలో దండలా వేలాడదీసింది. దారిన పోయేవాళ్ళు ఆగి, నవ్వి, లోపలికొచ్చి, చేప కొనుక్కుంటూ బెల్టు కూడా కొనేవాళ్ళు. "పిల్లలాట," అనేవాడు మామయ్య. అన్నాడే గానీ కిటికీ తుడిచేటప్పుడు ఆ దండను జాగ్రత్తగా పక్కకి జరిపి తుడిచేవాడు.

అందరూ బాగుందన్నా సూదమ్మకు మాత్రం లోపల ఒక దిగులు. తుక్కుముక్క మీద ఏం పడుతుంది? చేప పడుతుంది. పట్టుమని ఒక చెట్టు పట్టదు. ఆమె తలలో వీధులకు వీధులు ఉన్నాయి. జనం, మేడలు, వానలో గొడుగులు. అవన్నీ ఒకే తోలు మీద, అంచునుంచి అంచుదాకా పొడవాలని ఆమెకు చచ్చేంత ఆశ. బల్ల మీద మామయ్య కొత్త తోలు పరిచినప్పుడల్లా తలుపు సందులోంచి చూసి గుటకలు మింగేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు బస్సు డ్రైవరు వచ్చాడు. ఆ వీధిలోనే తిరిగే బస్సు, కిటికీ అద్దాలు గడగడలాడించేది అదే.

"అన్నా, మన కండక్టరమ్మ రిటైరైపోతోంది," అన్నాడు. "డిపో వాళ్ళమంతా కలిసి ఆవిడకి ఒక సంచి ఇద్దామనుకున్నాం. ఉద్యోగంలో మోసిందే, భుజానికి వేసుకునే తోలు సంచి, అలాంటిదే కొత్తది. ఊరికే సంచి కాదు. దాని మూత మీద మన బస్సు బొమ్మ ఉండాలి. కిటికీలో చేపలు చూశా. ఆ చేపలు వేసిన చెయ్యే వెయ్యాలి."

సూదమ్మ తలుపు వెనక ఊపిరి బిగబట్టింది.

 కండక్టరమ్మ అంటే మామయ్యకు వల్లమాలిన గౌరవం. వాసనేసే తోళ్ళ చుట్టలు భుజాన వేసుకుని ఎక్కితే వేరే బస్సుల్లో జనం ముక్కులు మూసుకునేవాళ్ళు, దిగమనేవాళ్ళు. ఆవిడ బస్సులో మాత్రం ఎవరైనా నోరెత్తితే, "నీ కాళ్ళకున్న చెప్పులు దేంతో చేశారయ్యా? జరుగు, మేస్త్రీ గారికి చోటివ్వు!" అని గద్దించేది. వెనక సీటు కింద జాగా ఆయన చుట్టలకే ఉంచేది. అలాంటి మనిషికి మామూలు తోలుతో సంచి చేస్తే చేతులు పడిపోవూ?

లేచి, పై అరలోంచి ఒక చుట్ట దించాడు. అది ఆయన ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న తోలు. తేనెరంగు, వెన్నలాంటి నునుపు. బల్ల మీద పరిచి, ఒకసారి నిమిరి, తలుపు వైపు తిరిగి పిలిచాడు.

"అమ్మాయ్. తలుపు వెనక నక్కింది చాల్లే, ఇట్రా. ఈ తోలు మీద నీ సూది పడాలంటే ఒక మాట. ఇలాంటిది మళ్ళీ దొరకదు. ఇది పాడైందా, ఆ మిషను మళ్ళీ ఈ ఇంట్లో మోగకూడదు. తుక్కుముక్కల మీద కూడా. బుద్ధిగా బెల్టులకి కన్నాలు కొట్టుకుంటూ కూర్చోవాలి. సరేనా?"

"సరే!" అంది సూదమ్మ.

"ఏంటే ఆ సరే? కాస్త ఆలోచించుకుని చెప్పు," అంది అత్త.

"సరే సరే సరే!" అని అప్పటికే చెప్పులు వేసుకుని వీధిలోకి పరిగెత్తింది.

పరిగెత్తింది బస్సు చూడడానికి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బస్సులో ఇటు చివరనుంచి అటు చివరకి తిరిగింది. వంకరపోయిన ముందు బంపరు చూసింది, పగిలి ప్లాస్టరు వేసిన దీపం చూసింది. "జరగండి, జరగండి! లోపల పడుకునేంత జాగా ఉంది!" అని అరిచే కండక్టరమ్మను చూసింది. ఆవిడేమో ఈ పిల్ల దిగకుండా తననే గుడ్లప్పగించి చూస్తుంటే కంగారుపడి, "ఏమ్మా, ఇంట్లోవాళ్ళతో గొడవపడి వచ్చావా?" అని చెవిలో అడిగింది. మర్నాడు సూదమ్మ రోడ్డు పక్కన నిలబడి, బస్సు ఎదురుగా వస్తుంటే ఎలా ఉంటుందో గీసుకుంది. చివరికి అదే ఖాయం చేసుకుంది. రెండువైపులా మేడలు, చెట్లు, మధ్యలో రోడ్డు, ఆ రోడ్డు మీద బస్సు చూసేవాళ్ళ మీదికి వచ్చేస్తున్నట్టుగా!

మామయ్య తోలు కోశాడు. సంచి వెనకభాగం, పైన మూత, అంతా ఒకే పొడుగాటి ముక్క. సుద్దతో ఒక గీత గీసి, "ఇదిగో, ఇక్కణ్నుంచి పైన ఉన్నదంతా మూత. నీ ఇష్టం, నీ ఖర్మ," అని చెప్పి, మిషను మోగేలోపే చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాడు. పని జరిగినన్నాళ్ళూ ఆయన టీ కొట్టు బెంచీ మీదే ఉన్నాడు. ఎవరైనా పలకరిస్తే, "ఇంట్లో ఆపరేషన్ జరుగుతోంది" అనేవాడు. పాపం, వాళ్ళు ఎవరికని అడిగి, ఓదార్చి మరీ టీ తాగించేవాళ్ళు.

ఇక్కడ సూదమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. తిండి ధ్యాస లేదు, నిద్ర ధ్యాస లేదు. చేతికింద వీధి పుట్టుకొస్తుంటే తనలో తను నవ్వుకునేది, బస్సులాగా హారను కొట్టేది. కిటికీల్లో మొహాలు పెట్టింది. ఫుట్‌బోర్డు మీద ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డ కండక్టరమ్మను పెట్టింది. ఒక్క చుక్క తప్పు పడలేదు. అత్త వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. ఆవిడ మాట్లాడకుండా నిలబడడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

తరవాత అత్త కుట్టింది. సంచిని లోపలివైపు పైకి పెట్టి కుడతారు, కుట్టు అయ్యాక తిరగేస్తారు. కాబట్టి కుట్టినంతసేపూ బొమ్మ లోపలే ఉండిపోయింది. రిటైర్మెంటు ముందురోజు సాయంత్రానికి పని పూర్తయింది. మామయ్యను టీ కొట్టునుంచి పిలుచుకొచ్చారు. ఆయన సంచిని తిరగేసి, మూలలు సర్ది, మూత ముందుకు వంచి బకిల్ పెట్టాడు.

ముగ్గురూ వంగి చూశారు.

బస్సు చక్రాలు ఆకాశంలో ఉన్నాయి.

మేడలు పైనుంచి వేలాడుతున్నాయి. చెట్లు గబ్బిలాల్లా ఉన్నాయి. కండక్టరమ్మ ఫుట్‌బోర్డు మీద తలకిందులుగా నిలబడి చెయ్యి కిందికి ఊపుతోంది. మొత్తం వీధి వీధంతా బోర్లాపడింది!

ఎందుకని అడగకండి, మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. బల్ల మీద పరిచి ఉన్నప్పుడు మూత వెనకభాగానికి పైన ఉంటుంది. సంచయ్యాక ముందుకు మడత పడుతుంది. మడత పడితే పైది కిందికి వస్తుంది. కాబట్టి మూత మీద బొమ్మ తలకిందులుగా వెయ్యాలి, అప్పుడే నిలబడుతుంది. తోలు పని చేసేవాళ్ళ ఇంట్లో ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, అన్నం నోటితో తినమని చెప్తామా? సూదమ్మ బొమ్మలు వేసిందంతా భుజాల మీద, చేతుల మీద. భుజాలకు మూతలుండవు కదా. చెప్పగలిగిన మామయ్యేమో టీ కొట్టులో ఆపరేషన్ కథలు చెప్పుకుంటున్నాడు.

 "మామయ్యా..." అంది సూదమ్మ.    మామయ్య మూత తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. వేరే మూత కట్టాలంటే ఆ తోలులో మిగిలిన ముక్క చాలదు, తెల్లారితే బస్సు వస్తుంది. సంచిని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. సూదమ్మ మిషను ప్లగ్గు పీకి, తీగ చుట్టి, తను తెచ్చుకున్న పాత సంచిలో పెట్టేసింది. మాట అంటే మాటే. ఏడుపు ఆపుకుని మర్నాడు కన్నాలు కొట్టాల్సిన బెల్టులు బల్ల మీద వరసగా పేర్చింది.

పొద్దున్నే వీధిలో హారను దద్దరిల్లింది. కండక్టరమ్మకు అదే ఆఖరు ట్రిప్పు. బస్సు నిండా జనం, డిపోవాళ్ళు సగం, మామూలు ప్రయాణికులు సగం. స్టాపు కాదు, ఏమీ కాదు, డ్రైవరు సరిగ్గా మామయ్య తోలు వర్క్‌షాపు ముందే బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా! అయిందా? ఎక్కండెక్కండి, అందరూ ఎక్కండి! చివరి స్టాపులో ఇచ్చేద్దాం!"

ముగ్గురూ ఎక్కారు. సూదమ్మ చేతిలో గుడ్డలో చుట్టిన సంచి. డ్రైవరు చెవిలో ముందే చెప్పేద్దామని ఆమె ముందుకు తోసుకుపోయింది. "అన్నయ్యా, ఒక తప్పు జరిగింది. అంతా నావల్లే."

"నీవల్ల ఎందుకవుతుందే?" వెనకనుంచి మామయ్య గొంతు. "మూత మడత పడుతుందని చెప్పాల్సింది నేను. నేను పారిపోయాను. తప్పు నాది!"

"కాదు మామయ్యా, వేసింది నేను!"

"కోసింది నేను!"

"తిరగేసి కుట్టింది నేను, నన్నొదిలేస్తారేం?" అని అత్త దూరింది.

ఈ తోపులాటలో గుడ్డ జారింది. సంచి బయటపడింది. దగ్గరున్నవాడు అందుకుని చూసి, మెడ పక్కకు వంచాడు. పక్కవాడికి ఇచ్చాడు, వాడూ వంచాడు. చేతులు మారుతూ మారుతూ సంచి బస్సంతా తిరుగుతుంటే జనం మెడలన్నీ ఒకవైపుకి వాలిపోయాయి. "బొమ్మ అదిరింది గానీ, బస్సేంటి పల్టీ కొట్టింది?" అన్నారెవరో. "సంచిని తిప్పి తగిలించుకుంటే సరి," అని ఒకాయన సలహా ఇచ్చాడు. "అప్పుడు చిల్లరంతా కింద పడుతుంది కదయ్యా," అని పక్కావిడ కసిరింది.

డ్రైవరు అద్దంలో చూశాడు. బస్సు ఒక్క ఊపుతో ఆగింది.

"నా బస్సుని బోల్తా కొట్టించిందెవరు!" అని అరిచాడు. "ఇన్నేళ్ళలో కోడిపిల్లని కూడా తొక్కలేదు నేను! ఎంత అపశకునం! ఈ సంచి ఆవిడకెలా ఇస్తాం?"

"ఏంటయ్యా ఆ గోల?" వెనకనుంచి కండక్టరమ్మ వచ్చింది. "జరగండి! ఏంటది? ఇటివ్వండి."

ఇక దాచడానికేముంది? సంచి ఆవిడ చేతికే వచ్చింది. సూదమ్మ ఎదురుగా నిలబడి, "మీకోసమే చేశామండీ. తలకిందులుగా వేశాను. క్షమించండి," అంది. మామయ్య మళ్ళీ నాది నాది అనబోతే అత్త గిల్లింది.

కండక్టరమ్మకు పాత అలవాటు చేతుల్లోనే ఉంది. సంచి కనపడగానే బెల్టు తలమీంచి దూర్చి, భుజానికి అడ్డంగా వేసుకుని, పొట్ట మీదికి లాక్కుని, తెరవడానికని కిందికి చూసింది.

చూసి, ఆగిపోయింది.

బస్సులో అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. మూత మీద వేలు పెట్టింది. వంకర బంపరు తడిమింది, ప్లాస్టరు వేసిన దీపం తడిమింది.

"ఇది తలకిందులని ఎవరన్నారు?" అంది.

సూదమ్మ బిత్తరపోయి, అవతలికి తిరిగి ఆవిడ భుజం పక్కనుంచి తొంగి చూసింది. నిజమే! చూసేవాళ్ళకు బోర్లాపడ్డ వీధి, మోసేవాళ్ళకు నిటారుగా నిలబడి ఉంది. మేడలు మేడల్లా, చెట్లు చెట్లలా. రోడ్డు మధ్యలో బస్సు సూటిగా ఆవిడ మీదికే వచ్చేస్తోంది.

"కావాలంటే మూత మార్చి ఇస్తానమ్మా," అన్నాడు మామయ్య. "కొంచెం టైమివ్వండి. జనానికి సరిగ్గా కనపడేట్టు..."

"జనానికెందుకయ్యా? మీరు జనం కోసం చేశారా, నాకోసం చేశారా?" కండక్టరమ్మ సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. "ఊళ్ళో అందరూ ఈ బస్సు కోసం ఎదురుచూశారు. అదిగో వస్తోంది అనుకుని సంతోషపడ్డారు. నేనొక్కదాన్నే ఏనాడూ చూడలేదు, ఎప్పుడూ లోపలే ఉన్నాగా. ఇది ఎదురుగా వస్తే ఇట్లా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది. రేపట్నుంచి నేను బస్సెక్కను. కానీ నా బస్సు నాకోసం వస్తూనే ఉంటుంది. దీని జోలికి ఎవరైనా వచ్చారో, మధ్యదారిలో దించేస్తా!"

అని, సంచిలో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. బస్సంతా ఒక్కసారి ఈలలు, చప్పట్లు. డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టినవాడు చివరి స్టాపు దాకా తియ్యలేదు. రోడ్డు మీద జనం ఇదేం పిచ్చిరా అనుకుంటూ పక్కలకి తప్పుకున్నారు. సూదమ్మకు నవ్వాగలేదు. పక్కన ఎవరున్నారో చూడకుండా వాటేసుకుని ఎగిరింది, తీరా చూస్తే ఆయన సంచిని తిప్పి తగిలించుకోమన్న పెద్దమనిషి. ఆయనా ఎగిరాడు.

తిరిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా అత్త ఆ కథే ఎదురొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చింది.  సూదమ్మకు బస్సులో పొంగిన సంతోషం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సన్నగా దిగిపోయింది. ఆవిడ మంచిది కాబట్టి మెచ్చుకుంది, అంతమాత్రాన తప్పు ఒప్పవుతుందా? పాడైతే మోగకూడదన్నాడు మామయ్య. పాడైందో కాలేదో చెప్పాల్సింది ఆయన, ఆయనేమో నోరు విప్పడం లేదు. ఆమె వెళ్ళి బల్ల చివర బెల్టుల ముందు కూర్చుని, కన్నాలు కొట్టే ఉలి చేతిలోకి తీసుకుంది.

మామయ్య ఆ బెల్టులన్నీ పక్కకు తోసేశాడు. అరలోంచి ఒక తోలు దించి బల్ల నిండా పరిచాడు. కిటికీ వెలుగులో కళ్ళు మూసుకుని అంచునుంచి అంచుదాకా నిమిరాడు. ఎక్కడా చిల్లు లేదు. కత్తి తీసుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన కత్తి పట్టాక ఎవరూ పలకరించరు, ఆయనా ఎవరినీ అడగడు. ఎక్కడ కొయ్యాలో ఆయనకే తెలుసు.

కానీ ఆ రోజు కత్తి తోలుకు ఆనించకుండా గాల్లోనే పట్టుకుని, తలెత్తకుండా అన్నాడు.

"అమ్మాయ్. నీకు ఎక్కడ కావాలో ముందు చెప్పు. ఆ తరవాత కోస్తా."

సూదమ్మ ఉలి కింద పెట్టి, చేతులు లంగాకు తుడుచుకుని, వేలితో తోలు సరిగ్గా నడిమధ్యన ముట్టుకుంది. అన్నిటికంటే మంచి చోటు అది. మామయ్య "హమ్మ" అని ఒక్క మూలుగు మూలిగి, ఆ వేలి చుట్టూ సుద్దతో పెద్ద గీత గీశాడు.